కొడైకెనాల్ కొండల్లో తల్లీ కొడుకూ

వేసవి వస్తే చాలు, పొద్దున్నే పేపరు మడతలోంచి రంగురంగుల కాగితాలు జారిపడతాయి. సమ్మర్ క్యాంపులట! బుల్లి రోబోలు చేయిస్తాం, టెలిస్కోపులో చంద్రుణ్ని చూపిస్తాం, మట్టిబొమ్మలు నేర్పిస్తాం అంటూ. మంచిదే. కానీ ఆ కాగితాలు చూసినప్పుడల్లా నాకు ఒకావిడ గుర్తొస్తుంది. ఆవిడ పేరు మన ఊళ్లలో వీధివీధినా బడి బోర్డుల మీద ఉంటుంది. మరియా మాంటిస్సోరి. పేరు తెలియనివాళ్లు లేరుగానీ, ఆవిడ కథ మనలో ఎంతమందికి తెలుసు?

1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరావల్లె అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఆడపిల్ల కదా, టీచరైతే చాలనుకున్నాడు తండ్రి. ఆవిడేమో డాక్టరీ చదువుతానని పట్టుబట్టింది. రోమ్‌లో చదివేటప్పుడు, మగపిల్లల పక్కన నిలబడి శవాన్ని కోయడం ఆడదానికి తగదన్నారు. అందుకని అందరూ వెళ్లిపోయాక, ఒక్కతే ఆ గదిలో ఉండి నేర్చుకునేది. తలచుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. 1896లో డాక్టరు పట్టా చేతికొచ్చింది.

1898లో ఆవిడకో కొడుకు పుట్టాడు, మారియో. తండ్రి తోటి డాక్టరే. పెళ్లి మాత్రం జరగలేదు. ఆ రోజుల్లో పెళ్లయితే ఆడది ఉద్యోగం వదులుకోవాల్సిందే, పెళ్లికాకుండా బిడ్డ ఉందంటే బతకనివ్వరు. పసివాణ్ని పల్లెలో వేరేవాళ్ల దగ్గర పెంచడానికి ఇచ్చేశారు. అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చేది. ఊరందరి పిల్లల గురించీ ఆలోచించిన మనిషికి సొంతబిడ్డను దగ్గరుంచుకునే రాత లేకపోయింది. పదిహేనేళ్ల వయసులో గానీ మారియో తల్లి దగ్గరికి రాలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం లోకానికి ఆయన మేనల్లుడో, పెంపుడు కొడుకో!

1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచింది. తల్లిదండ్రులు కూలికెళితే పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని ఇళ్లవాళ్ల గోల. అలా మొదలైందా బడి. చెక్కబిళ్లలూ, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలూ పిల్లల చేతికిచ్చి, తను పక్కన కూర్చుని చూసేది. మూడేళ్ల పిల్ల ఒకతె చెక్కదిమ్మలను వాటి కన్నాల్లో అమర్చడం, తీయడం, మళ్లీ అమర్చడం... నలభైసార్లకు పైగా చేసిందట. చుట్టూ పిల్లలు పాటలు పాడుతున్నా తల తిప్పలేదు. ఆవిడ లెక్కపెట్టుకుంటూ కూర్చుందేగానీ ఆపలేదు. అది చిన్న విషయమా! మొన్న మా దగ్గర ఒక క్యాంపులో రోబోను మాస్టారే బిగించి పిల్లల చేతిలో పెట్టేశారు. ఇంటికొచ్చి చూపించింది పిల్లాడే, చేసింది మాత్రం ఆయన.

ఇక మన దేశం సంగతి. 1939లో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పిలిస్తే మద్రాసు అడయారు వచ్చింది. అప్పటికి అరవై తొమ్మిదేళ్లు. మూడు వందలమందికి పైగా చేరిన శిక్షణ తరగతిలో ఆవిడ ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో వీళ్లు శత్రుదేశస్థులైపోయారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు, ఆవిణ్ని అడయారు దాటనివ్వలేదు. మళ్లీ ఎడబాటే! ఆ ఆగస్టు 31న, డెబ్భయ్యో పుట్టినరోజు కానుకగా, వైస్రాయి ఆమె కొడుకును విడుదల చేశాడు. మేనల్లుణ్ని కాదు, కొడుకునే.

1942లో ఇద్దరూ కొడైకెనాల్ చేరారు. రెండేళ్లు అక్కడే. చిన్నా పెద్దా అన్ని వయసుల పిల్లలూ కలిసి చదివే చిన్న బడి. నాకు ఆవిడ జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. చుట్టూ కొండలు, చెట్లు, వాగులు. పిల్లలు తిరిగి చూసిన ఆకులు, పువ్వులు, పురుగులే పాఠాలు. ఇంత చిన్నవాళ్లకు సైన్సేమిటని పెద్దవాళ్లనుకుంటారు. చెట్ల శాస్త్రీయ నామాలు కూడా పసివాళ్లు ఇష్టంగా పట్టేస్తారని ఆవిడ గమనించింది. చెట్లకూ జంతువులకూ భూగోళానికీ సంబంధించిన పరికరాలను మారియో తల్లితో కూర్చుని తయారుచేశాడు. దేన్నీ విడిగా చెప్పకూడదన్నది ఆవిడ పట్టుదల. నదులు సున్నాన్ని మోసుకెళ్లి సముద్రంలో కలుపుతాయి, పగడపు జీవులు ఆ సున్నంతోనే ఇల్లు కట్టుకుంటాయి, దాంతో నీళ్లు శుభ్రపడతాయి. సైన్సంటే ఆవిడకు ఇలాంటి పెద్ద కథ.

1946లో యూరప్ వెళ్లారు, మరుసటేడు మళ్లీ వచ్చి 1949 దాకా ఇక్కడ తిరిగారు. 1952 మే 6న హాలండ్‌లో సముద్రం ఒడ్డున నూర్డ్‌వైక్ ఊళ్లో ఆవిడ కన్నుమూసింది. తన పనంతా మారియోకే అప్పగించింది. 1982లో తను పోయేవరకూ ఆయన దాన్ని నడిపాడు.