బానిసగా బ్రతికిన దేశానికే తిరిగి వెళ్లినవాడు



వేసవి సెలవులు వస్తే ఐర్లండ్ పల్లెలకు జనం తరలివెళ్తారు. హోటల్ గదికి బదులు ఊరి చివర చిన్న ఇల్లొకటి వారం రోజులకు అద్దెకు తీసుకుంటారు. సరుకులు తెచ్చుకొని తామే వండుకుంటారు. పగలంతా పాత కోటలు, కూలిన మఠాలు, రాతి సిలువలు చూసి సాయంత్రానికి ఆ ఇంటికి చేరుకుంటారు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలు కూడా కొన్ని ఇలా వెళ్లివస్తున్నాయి.

ఆ దారుల్లో ఒక పేరు పదే పదే కనిపిస్తుంది. కొండకు, బావికి, దేవాలయానికి అదే పేరు. ఆయనే పాట్రిక్. మార్చి 17న లోకమంతా ఆకుపచ్చ బట్టలు వేసుకొని ఆయన పేరున పండుగ చేస్తుంది. ఆయన పడిన కష్టం మాత్రం చాలామందికి తెలియదు.

పాట్రిక్ ఐర్లండ్‌లో పుట్టలేదు. సుమారు 5వ శతాబ్దంలో, సముద్రానికి ఇవతల బ్రిటన్‌లో ఒక క్రైస్తవ కుటుంబంలో పెరిగాడు. తండ్రి కల్పోర్నియస్ సంఘ పరిచారకుడు, తాత పోటీటస్ పాదిరి. అయినా తాను దేవుణ్ణి ఎరుగకుండానే పెరిగానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. భక్తిగల ఇంట్లో పుట్టడం వేరు, భక్తి కలిగి ఉండడం వేరు.

పదహారేళ్ల వయసులో దోపిడీగాళ్లు వచ్చిపడి, వేలమందితో పాటు అతణ్ణి ఐర్లండ్‌కు పట్టుకుపోయారు. ఆరేళ్లు బానిసగా మందలు కాశాడు. ఆంట్రిమ్ ప్రాంతంలోని స్లెమిష్ కొండ దగ్గరే ఆ ఆరేళ్లూ గడిచాయని అక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. 437 మీటర్ల ఎత్తున్న ఆ కొండ, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతపు మిగులు. సెలవులకు వచ్చి దాపున ఇల్లు తీసుకున్నవారికి అది కిటికీలోంచి కనిపించే అందమైన దృశ్యం. ఆ కుర్రవాడికి ఆ దేశంలో మిగిలింది ఆకలి, చాలీచాలని బట్ట, మంచు, వాన. తెల్లవారకముందే లేచి, పగలు వంద సార్లు, రాత్రి దాదాపు అన్ని సార్లు ప్రార్థించేవాడు. తాత ఇంట్లో దొరకని దేవుడు అతనికి పరుల మందల మధ్య దొరికాడు.

ఒక రాత్రి కలలో ఓడ సిద్ధంగా ఉందన్న మాట వినిపించింది. సుమారు రెండువందల మైళ్లు నడిచి, ఎరుగని తీరానికి చేరాడు. మొదట పొమ్మన్న నావికులే మళ్లీ పిలిచి ఎక్కించుకున్నారు. చాలా కష్టాల తర్వాత ఇల్లు చేరాడు. ఇక ఎక్కడికీ వెళ్లవద్దని ఇంటివారు బ్రతిమాలారు. కథ అక్కడే ముగిసినా మనం దేవుని స్తుతించేవాళ్లం.

అయితే మరో కల వచ్చింది. విక్టోరికస్ అనే మనిషి ఉత్తరాల కట్టతో వచ్చాడు. అందులో ఒకటి చదువుతుండగా, పడమటి సముద్రపు ఒడ్డునున్న ప్రజలు తమ దగ్గరకు తిరిగి రమ్మని పిలుస్తున్నట్టు వినిపించింది. పాట్రిక్ గుండె కరిగిపోయింది. యోసేపు దగ్గరకు అతణ్ణి అమ్మిన అన్నలు కరవులో తామే వచ్చారు. పాట్రిక్ మాత్రం తనను బానిసను చేసిన జనాన్ని వెదుక్కుంటూ తానే వెళ్లాడు. సంఘ సేవకు సిద్ధపడి, బిషప్‌గా ఆ దేశంలో సేవచేసి, వేలమందికి బాప్తిస్మమిచ్చాడు.

డౌన్‌పాట్రిక్ పట్టణం దగ్గర సాల్ అనే పల్లె ఉంది. అక్కడ దిఖు అనే నాయకుడిచ్చిన ధాన్యపు కొట్టమే పాట్రిక్ మొదటి దేవాలయమని సంప్రదాయం. ఆ ఊరి పేరుకు కొట్టమనే అర్థం. ఇప్పుడు అక్కడున్న చిన్న రాతి గుడి 1932లో కట్టినది. డౌన్‌పాట్రిక్ కథీడ్రల్ ఆవరణలో ఆయన సమాధిగా భావించే చోట 1900లో పెట్టిన పెద్ద రాయి ఉంది. మాయో ప్రాంతంలోని క్రోగ్ పాట్రిక్ కొండ 764 మీటర్లు. జూలై చివరి ఆదివారం వేలమంది ఆ కొండ ఎక్కుతారు, కొందరు చెప్పులు లేకుండా.

పాములను వెళ్లగొట్టాడనే కథలు ఆయన పోయిన చాలాకాలానికి పుట్టాయి. ఆయన స్వయంగా వ్రాసినవి రెండే మిగిలాయి. మొదటిది తన జీవితం గురించిన ఒప్పుకోలు. సంఘ పెద్దలు కొందరు, ఆయన చిన్ననాటి పాపమొకటి ముప్పై ఏళ్ల తర్వాత తవ్వితీసి ఆయనను నిందించారు. నమ్మి చెప్పుకున్న స్నేహితుడే దాన్ని బయటపెట్టాడు. సంఘంలో ఇలాంటి గాయం తగిలినవారికి పాట్రిక్ కొత్తవాడు కాడు. ఆయన సేవ మానలేదు.

రెండవది కొరోటికస్ అనే పాలకుని సైనికులకు వ్రాసిన ఉత్తరం. వాళ్లు పేరుకు క్రైస్తవులే. పాట్రిక్ దగ్గర బాప్తిస్మం పొందిన మరునాడే, అభిషేక తైలం నుదుట ఇంకా ఆరకముందే, ఆ విశ్వాసులను కొందరిని చంపి, మిగిలినవారిని బానిసలుగా పట్టుకుపోయారు. బందీలను విడిచిపెట్టమని ఆయన ఒక పాదిరిని పంపితే నవ్వి పంపేశారు. అప్పుడాయన అందరూ వినేలా మరో ఉత్తరం వ్రాశాడు. అలాంటి వారితో కలిసి తినవద్దని, వారి కానుకలు తీసుకోవద్దని సంఘాలను హెచ్చరించాడు. తనను పట్టుకుపోయినవారిని క్షమించినవాడే, ఇతరులను పట్టుకుపోయేవారిని చూసి మౌనంగా ఉండలేకపోయాడు. తనకు జరిగిన కీడును క్షమించడం, పక్కవాడికి జరిగే కీడును ఎదిరించడం, ఈ రెండూ ఒకే హృదయంలో ఉండవచ్చని ఆయన జీవితం మనకు నేర్పుతోంది. మనం తరచూ దీన్ని తారుమారు చేస్తాం.

ఎప్పుడైనా ఆ పల్లెల్లో అద్దె ఇంట్లో పొయ్యి వెలిగించి వండుకునే అవకాశం మీకు కలిగితే, భోజనానికి ముందు ఒక్క క్షణం ఆ కొండవైపు చూడండి. ఆ దేశంలోనే ఆకలితో ప్రార్థించిన కుర్రవాణ్ణి తలచుకోండి. వెళ్లలేని మనకూ పని ఉంది. మన ఇంట్లో, మన పొలంలో ఆకలితో పనిచేసే పిల్లవాడెవడైనా ఉన్నాడేమో చూద్దాం. మనల్ని గాయపరచినవారి గడప ఒకటి మన మనసులో మెదులుతుంటే, అక్కడికి నడిచే కృప ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.