పోగేసిన జట్టును పోగొట్టిన విజ్జీ

ఐపీఎల్ మొదలైందంటే హాస్టల్ గదుల్లో తిట్లు ఎవరికి పడతాయో మీకు తెలుసు. ఆడినవాడికన్నా ఆడించినవాడికే ఎక్కువ. 2021లో సన్‌రైజర్స్ హైదరాబాద్ సీజన్ మధ్యలో వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి దించేసింది. ఆ తర్వాత తుది జట్టులోంచి కూడా తప్పించింది. 2016లో కప్పు తెచ్చిపెట్టిన మనిషికి ఇదేం మర్యాద అని మన కుర్రాళ్లు యాజమాన్యాన్ని ఆడిపోసుకున్నారు. డబ్బు పెట్టినవాడు జట్టు కూర్పులో వేలు పెడితే ఏమవుతుందన్న గొడవ నిన్న మొన్నటిది కాదు. అందులో అన్నింటికన్నా పెద్ద కథ మన విజయనగరం మనిషిదే. విజ్జీ స్టేడియంలో పరుగు ప్రాక్టీసు చేసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. ఆ విజ్జీ సంగతే ఇది. ఇప్పటి ఓనర్లు గ్యాలరీలో కూర్చుంటారు. ఆయన మాత్రం బ్లేజర్ వేసుకుని తానే టాస్‌కు వెళ్లాడు.

అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబరు 28న పుట్టాడు. విజయనగరం రాజావారికి రెండో కొడుకు. సంస్థానం అన్నగారు అలక నారాయణ గజపతికి దక్కుతుంది, తమ్ముడికి మహారాజకుమార్ అన్న బిరుదు మిగులుతుంది. అజ్మీర్ మేయో కాలేజీలోనూ, ఇంగ్లండ్‌లోని హెయిలీబరీలోనూ చదివి, తండ్రి పోయాక కాశీలో ఉన్న కుటుంబ ఆస్తుల దగ్గరకు వెళ్లిపోయాడు. గద్దె లేని రాజకుమారుడు తనకంటూ ఒక గద్దె వెతుక్కున్నాడని, దాని పేరు క్రికెట్ అని నాకనిపిస్తుంది.

1926లో సొంత జట్టు పెట్టాడు. కాశీలో ప్యాలెస్ ఆవరణలోనే గ్రౌండ్ వేయించాడు. ఇక్కడ మాత్రం ఆయనకు మార్కులు వేయాల్సిందే. 1930-31లో ఇంగ్లండ్ జట్టు రావాల్సిన పర్యటన శాసనోల్లంఘన ఉద్యమం వేడిలో రద్దయితే, తన ఖర్చుతో జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను రప్పించి భారత్, సిలోన్‌లలో ఆడించాడు. అప్పటికి ప్రపంచంలో వాళ్లను మించిన ఓపెనింగ్ జంట లేదు. ఇండోర్‌లో స్కూల్లో చదువుకుంటున్న ముస్తాక్ అలీ అనే కుర్రాణ్ని కాశీకి తీసుకొచ్చి తర్ఫీదు ఇప్పించాడు. ఎవరిలో ఆట ఉందో పసిగట్టే కన్ను ఆయనకు ఉంది, పోగేసే డబ్బూ ఉంది. మేనేజర్ పోస్టుకు దరఖాస్తు పెట్టి ఉంటే ఇంటర్వ్యూ బోర్డు ఇంకో మనిషిని పిలిచేదే కాదు.

ఆయన పెట్టింది మాత్రం కెప్టెన్ పోస్టుకు. బ్యాటింగ్ అంతంతమాత్రం. అయినా ఆ రోజుల్లో బోర్డు నడిచేది రాజావార్ల చందాలతో, వైస్రాయ్ దయతో. 1932 ఇంగ్లండ్ పర్యటనకు విజ్జీ వేల రూపాయలు ఇచ్చాడు. డిప్యూటీ వైస్ కెప్టెన్ అని ఒక హోదా దొరికింది కానీ, ఆయన వెళ్లలేదు. అసలు కెప్టెన్ పోరుబందర్ మహారాజా తన ఆట సంగతి తనకు తెలిసినవాడు. మన మొదటి టెస్టుకు తాను తప్పుకుని నాయకత్వం సీకే నాయుడుకి అప్పజెప్పాడు. నాగపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు సీకే. ఈ పోరుబందర్ పేరు ఎవరూ పెద్దగా తలుచుకోరు గానీ, తలుచుకోవాల్సిన పేరే.

1936లో మళ్లీ ఇంగ్లండ్ పర్యటన. పటౌడీ నవాబు తప్పుకున్నాడు. ఆటను బట్టి చూస్తే సీకేని కాదనడానికి కారణమే లేదు. కానీ మంతనాలు నడిచాయి, ఓట్లు పడ్డాయి, విజ్జీ కెప్టెన్ అయ్యాడు. ఇక్కడి నుంచే కథ తేడా కొట్టింది. మంచి ఆటగాళ్లను వెతికి తెచ్చిన మనిషికి, తాను కూడా ఆడాల్సి వచ్చేసరికి ఆ మంచి ఆటగాళ్లే కంటిలో నలుసులయ్యారు. జట్టు సీకే వర్గం, కెప్టెన్ వర్గం అని రెండుగా చీలిపోయింది.

లాలా అమర్‌నాథ్‌కు అప్పుడు 24 ఏళ్లు. దాదాపు మీ ఈడే. 1933లో బొంబాయిలో మన దేశానికి మొదటి టెస్టు సెంచరీ కొట్టినవాడు. ఈ పర్యటనలో కూడా ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు బాదాడు, వికెట్లూ తీస్తున్నాడు. జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో మ్యాచ్. ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉండమన్నారు. ఆయన కూర్చునే ఉన్నాడు, ముందు ఒకరిని, తర్వాత ఇంకొకరిని పంపించారు. ఆట ముగియడానికి కొద్ది నిమిషాలుండగా నువ్వు వెళ్లమన్నారు. తిరిగొచ్చాక అమర్‌నాథ్ ప్యాడ్లు విసిరేసి పంజాబీలో ఏదో గొణిగాడు. అంతే. కెప్టెన్, మేనేజర్ మేజర్ బ్రిటన్ జోన్స్ కలిసి అతన్ని ఇంటికి పంపేయాలని తేల్చారు. సీనియర్లు బతిమాలినా, క్షమాపణ రాసిచ్చినా మాట మారలేదు. మొదటి టెస్టుకు ముందే ఓడ ఎక్కించేశారు.

ఆ టెస్టులో ఏమైందో చూడండి. అమర్ సింగ్ 35 పరుగులిచ్చి 6 వికెట్లు తీస్తే మనకు మొదటి ఇన్నింగ్స్‌లో 13 పరుగుల ఆధిక్యం వచ్చింది. ఇంగ్లండ్ గడ్డ మీద అది మామూలు మాట కాదు. రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 93కే కుప్పకూలారు. తొమ్మిది వికెట్ల తేడాతో ఓటమి. నిలబడి ఆడగల ఒక బ్యాట్స్‌మన్ ఆ రోజు సముద్రం మీద ఉన్నాడు.

మాంచెస్టర్‌లో 368 పరుగులు వెనకబడి ఉండగా మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించి మ్యాచ్‌ను కాపాడారు. విదేశీ గడ్డపై మనకు మొదటి టెస్టు సెంచరీ ముస్తాక్‌దే, 112. కాశీలో విజ్జీ సాకిన కుర్రాడే కదా, కెప్టెన్ మురిసిపోవాల్సిన రోజది. కానీ మర్చంట్‌ను రనౌట్ చేయించమని విజ్జీయే ముస్తాక్‌కు చెప్పాడనీ, ముస్తాక్ ఆ మాట మర్చంట్‌కే చెప్పేస్తే ఇద్దరూ నవ్వుకున్నారనీ ఆ మ్యాచ్ గురించి నేటికీ చెప్పుకుంటారు.

ఓవల్‌లో మూడో టెస్టు. బాకా జిలానీకి చోటు దొరికింది. పొద్దున్న టిఫిన్ దగ్గర అందరి ముందూ సీకేని అవమానించినందుకు అది బహుమతి అని జట్టులో చెప్పుకున్నారు. జిలానీకి ఒక్క వికెట్టూ దక్కలేదు, మళ్లీ టెస్టూ ఆడలేదు. జట్టులోనే ఉన్న షూటే బెనర్జీ బయట కూర్చున్నాడు. బెనర్జీకి టెస్టు ఆడే అవకాశం 1949లో గానీ రాలేదు, ఆ ఒక్కటే వచ్చింది. సీకే మాత్రం మాట్లాడకుండా ఆడాడు. తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో 81 కొట్టాడు. మ్యాచ్ అయితే మళ్లీ తొమ్మిది వికెట్ల తేడాతో పోయింది. మూడు టెస్టుల్లో కలిపి కెప్టెన్‌గారి పరుగులు 33. సర్ బిరుదు కూడా ఆ పర్యటన నడుస్తుండగానే వచ్చింది.

ఇంటికొచ్చాక గోల చల్లారలేదు. బొంబాయి చీఫ్ జస్టిస్ జాన్ బ్యూమాంట్ ఆధ్వర్యంలో విచారణ జరిగింది. 1937లో వచ్చిన నివేదిక ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్లను మార్చడం విజ్జీకి తెలియదని తేల్చి, అమర్‌నాథ్‌పై వేసిన శిక్షను తప్పుపట్టింది. న్యాయం జరిగినట్టే కదా అనుకుంటున్నారా? యుద్ధం వచ్చిపడింది. భారత్ తర్వాతి టెస్టు 1946లో గానీ జరగలేదు. అమర్‌నాథ్ 1934లో ఆడిన టెస్టుకీ తర్వాతి టెస్టుకీ మధ్య పన్నెండేళ్లు. తిరిగొచ్చి స్వతంత్ర భారతానికి మొదటి కెప్టెన్ అయ్యాడు, అది వేరే సంగతి. 24 నుంచి 34 దాకా పోయిన ఆ పదేళ్లను ఏ నివేదిక తిరిగిస్తుంది?

విజ్జీ మళ్లీ టెస్టు ఆడలేదు. 1947లో ఆ సర్ బిరుదును వదులుకున్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే ఇంకో మనిషేమో అనిపిస్తుంది. 1954 నుంచి బీసీసీఐ అధ్యక్షుడు. ఉత్తరప్రదేశ్ క్రికెట్‌కు పెద్దదిక్కు. 1956-57 రంజీ సీజన్‌లో ఉత్తరప్రదేశ్ కెప్టెన్‌గా అరవై దాటిన సీకే నాయుడినే పిలిపించాడు. ఇరవై ఏళ్ల క్రితం చేయాల్సిన పని! 1958లో పద్మభూషణ్. రేడియో కామెంటరీ కూడా చెప్పాడు. విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశాడు.

యూనివర్సిటీల కుర్రాళ్లు జోన్‌ల వారీగా పోటీపడే క్రికెట్ టోర్నీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు. మీ కాలేజీ జట్టులోంచి యూనివర్సిటీకి, అక్కడి నుంచి సౌత్ జోన్‌కు ఎంపికైతే, మీరు ఆడేది ఆ కప్పు కోసమే.