ఋతువులకు పద్దు వ్రాసిన నరసింగరావుగారు

ఋతువులు వచ్చుచు పోవుచునే యుండును గాని, వాని రాకపోకలకు నిత్యము పద్దు వ్రాసియుంచువారు అరుదు. ఉత్తరాంధ్రమున అట్టి పద్దును ఏండ్ల తరబడి నడపిన మహనీయులలో శ్రీ అంకితము వెంకట నరసింగరావుగారు అగ్రగణ్యులు.

వీరు 1827లో జన్మించిరి. వీరి మామగారగు గోడే వెంకట జగ్గారావుగారు చెన్నపట్టణపు నక్షత్రశాలలో టేలరు దొరగారి కడ ఖగోళశాస్త్రము నభ్యసించి, 1840లో విశాఖపట్టణమున స్వంత ధనముతో ఒక నక్షత్రశాలను నెలకొల్పిరి. 1856లో జగ్గారావుగారు స్వర్గస్థులయిరి. డిప్యూటీ కలెక్టరు పదవిలో నుండిన నరసింగరావుగారు కొలువు విడిచి, ఆస్తి భారముతోపాటు నక్షత్రశాల భారమును గూడ వహించిరి. 1868 ఆగష్టు 18వ తేదీనాటి సూర్యగ్రహణమును, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమును దాటిన వింతను పరిశీలించిరి. లండనులోని రాజకీయ ఖగోళ సంఘమువారు వీరిని సభ్యులుగా స్వీకరించిరి.

గ్రహణము ఎప్పుడో ఒకనాటి వేడుక. వీరి నిత్యవ్రతము వేరు. వాయువు బరువును, ఎండ వేడిని, వాన యంగుళములను దినదినము కొలిచి వ్రాయించుటయే ఆ వ్రతము. ఒకనాటి అంకెకు విలువ యేమి? చిట్టాలో ఒక్క పద్దు చూచి కాపురపు స్థితి చెప్పలేము గదా! ఏండ్ల లెక్క కూడినప్పుడే దానికి మాట వచ్చును.

ఒక దృష్టాంతము ఊహింతము. ఒక గ్రామమున ఐదేండ్ల ఆషాఢమాసములలో వరుసగా 6, 5, 7, 6, 6 అంగుళముల వాన కురిసెను. వేరొక గ్రామమున 1, 14, 2, 12, 1 అంగుళములు కురిసెను. రెంటికిని సరాసరి 6 అంగుళములే. కాని మొదటి గ్రామపు రైతు ఆ నెలను నమ్మి నారు పోయవచ్చును, రెండవవాడు నమ్మరాదు. కావున సరాసరి మాత్రము చాలదు. నెలకు నెలకు నడుమ గల భేదము ఎంత, ఒకే నెలలో ఏటికి ఏటికి కలుగు భేదము ఎంత అని రెంటిని సరిపోల్చవలెను. మొదటిది మిక్కిలి హెచ్చుగా నున్నచో ఋతుధర్మము బలమైనది. రెండవది హెచ్చుగా నున్నచో బలహీనమైనది. నేటి శాస్త్రజ్ఞులు వానలకే గాక పైరులకు, చేపలకు, పక్షులకు సయితము ఈ రీతినే లెక్క కట్టుచున్నారు. టెక్కలి దాపున తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతుల రాకలో క్రమమెంతయో తేల్చుటకును ఇదియే మార్గము.

మన పెద్దలు మృగశిర, ఆర్ద్ర మొదలగు కార్తెలను బట్టి సేద్యము చేసిరి. అదియు తరతరముల అనుభవపు సరాసరియే. అయితే ఏ కార్తె ఎంతవరకు నమ్మదగినదో జ్ఞాపకము చెప్పలేదు. గొప్ప వాన, గొప్ప కఱవు మాత్రమే మనసున నిలుచును. మామూలు ఏడు మరుపున పడును. 1866లో గంజాము సీమను కఱవు పీడించెను. నాడు శ్రీకాకుళము ఆ జిల్లాలోనిదే. 1876-78లో చెన్నరాజధానిలో అనేక జిల్లాలు మలమల మాడెను. వాన తప్పినదా, ఆలసించినదా అను సందేహము వచ్చినప్పుడు, మామూలు ఎంతయో వ్రాసియుంచినవాడే జవాబు చెప్పగలడు. చెరువు లోతు, గాదె నిలువ, శిస్తు తగ్గింపు అన్నియు ఆ జవాబుపై నాధారపడును.

నరసింగరావుగారు 1892 జూన్ 18వ తేదీన పరమపదించిరి. పిమ్మట వారి కుటుంబమువారు కొన్నేండ్లు ఆ పరిశీలనలను సాగించి, ఫలితములను అచ్చువేయించిరి. ధనవంతులు గుడులు, సత్రములు కట్టించుట మన యెరుకలోనిదే. వీరు అంకెల వరుసను కట్టించిరి. ఒక దినము విడిచినచో అందొక రాయి ఊడినట్లే. మన గ్రంథాలయపు చదువరులలో ఏ యువకుడైనను ఊరి చెరువు మట్టమునో, మామిడి పూత తేదీనో ఏటేట తప్పక వ్రాయ మొదలిడినచో, రాబోవు తరమువారికి అది చెరగని ఆస్తి కాగలదు.