వెనక్కి దారి లేదు

చుట్టూ మంచు, వెనక్కి రావడానికి దారి లేదు. ఇలాంటి ప్లాన్ కావాలని ఎవరైనా వేసుకుంటారా? ఫ్రిట్యోఫ్ నాన్సెన్ వేసుకున్నారు.

1861లో నార్వేలో పుట్టారు. చదివింది జంతుశాస్త్రం, పిచ్చి మాత్రం స్కీయింగ్ మీద. 1888లో ఇంకో ఐదుగురితో గ్రీన్‌లాండ్ మంచును దాటడానికి బయల్దేరారు. అంతకుముందు వెళ్లినవాళ్లు జనం ఉండే పడమటి తీరంలో మొదలుపెట్టి, కుదరకపోతే తిరిగొచ్చేసేవాళ్లు. ఈయన దాదాపు మనుషులే లేని తూర్పు తీరంలో దిగారు. ఇక ముందుకెళ్తేనే బతుకు.

పడమటి వైపు వాలు మొదలయ్యాక గాలి కలిసొచ్చింది. స్లెడ్జిలను పక్కపక్కనే కట్టి, గుడారం అడుగున పరిచే గుడ్డను తెరచాపలా ఎత్తారు. ఇప్పుడు ధ్రువాల్లో స్కీయర్లు గాలిపటాలతో వాడే లాజిక్ ఇదే. తీరం చేరాక ఆ గుడ్డతోనే చిన్న పడవ కట్టి, అక్టోబర్ 3న గోథాబ్ ఊరు చేరారు.

తర్వాత ఫ్రామ్ ఓడను కావాలనే మంచులో ఇరికించి, 1895లో అప్పటిదాకా ఎవరూ వెళ్లనంత ఉత్తరానికి వెళ్లారు.

కానీ నాకు అన్నిటికంటే పెద్దగా అనిపించేది ఆ తర్వాతి పని. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక నానాజాతి సమితి ఆయనకు శరణార్థుల బాధ్యత ఇచ్చింది. ఏ దేశమూ తమవాళ్లని ఒప్పుకోని లక్షల మంది రష్యన్లకు 1922లో ఒక గుర్తింపు పత్రం తెచ్చారు. దాని పేరే నాన్సెన్ పాస్‌పోర్ట్. అదే ఏడు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1930లో చనిపోయారు.

మంచు మీద వెనక్కి దారి వద్దనుకున్నది ఆయనే. ఈ జనానికి ఆ ఛాయిస్ కూడా లేదు. వాళ్లకి ముందుకెళ్లే దారి ఒక కాగితంగా ఇచ్చారు.