ముందు గాలి... తర్వాతే డీజిల్

బేతంచెర్లలో పెరిగిన వాళ్లకు లారీ కొత్త కాదు. పాలిష్ బండలు నిండా వేసుకుని, బరువుకు మూలుగుతూ రోడ్డెక్కే లారీలను చూస్తూనే పెద్దవుతారు. అలాంటి లారీనే ఒకటి లోడుతో లద్దాఖ్ కొండలెక్కుతోందనుకోండి. ఇక్కడ ఏ ఇబ్బందీ లేని ఇంజిన్ అక్కడికెళ్లేసరికి పికప్ తగ్గి, సైలెన్సర్ నుంచి నల్లపొగ కక్కుతుంది. ఎందుకు? డీజిల్ మెకానిక్ ఉద్యోగానికైనా, ఆటోమొబైల్ ఇంటర్వ్యూకైనా వెళ్లేవాళ్లు చెప్పగలగాల్సిన జవాబిది. ఆ జవాబు ఇంజిన్‌కు తన పేరిచ్చిన మనిషి జీవితంలోనే ఉంది. ఆయన రుడాల్ఫ్ డీజిల్.

ఆయన 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి తోలు వస్తువులు తయారుచేసే చేతిపనివాడు. 1870లో ఫ్రాన్స్, జర్మన్ రాజ్యాల మధ్య యుద్ధం రావడంతో ఆ కుటుంబం పారిస్ విడిచి లండన్ వెళ్లాల్సి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టమైంది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను చదువు కోసం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపారు. అక్కడ లెక్కల మాస్టారైన బంధువు దగ్గర పెరిగాడు. ఇంజినీరు కావాలని పద్నాలుగేళ్లకే నిర్ణయించుకున్నాడు. స్కాలర్‌షిప్పుతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు.

ఆ కాలేజీలో కార్ల్ ఫాన్ లిండే పాఠాలు ఆయన దారి మార్చాయి. అప్పట్లో లోకాన్ని నడిపించింది స్టీమ్ ఇంజినే. కానీ బొగ్గులోని వేడిలో మహా అయితే పదో వంతే పనికొచ్చేది, మిగతాదంతా వృథా. ఈ లెక్క రుడాల్ఫ్ మనసులో ముల్లులా దిగిపోయింది. ఇంతలో 1879లో టైఫాయిడ్ వచ్చి తోటివాళ్లతో పాటు పరీక్ష రాయలేకపోయాడు. ఖాళీగా కూర్చోకుండా స్విట్జర్లాండ్‌లో వింటర్‌థూర్‌లోని సుల్జర్ ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు. 1880లో పరీక్ష రాసి టాప్ మార్కులతో బయటికొచ్చాడు. బ్యాక్‌లాగ్ ఉందని, ఏడాది పోయిందని దిగులుపడే వాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు.

ఆ తర్వాత లిండే కంపెనీలో ఐస్ యంత్రాల ఉద్యోగం. ఉద్యోగం చేస్తూనే పన్నెండేళ్లు తన ఇంజిన్ గురించి ఆలోచించాడు. ఆలోచన వినడానికి సులువే. సైకిల్ పంపు గబగబా కొడితే వేడెక్కుతుంది కదా? అలాగే సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి ఇంధనం చల్లితే స్పార్క్ ప్లగ్ లేకుండానే మండుతుంది. అంటే ఈ ఇంజిన్‌లో ముందు గాలి, తర్వాతే ఇంధనం.

1892లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. కాగితం మీద బాగానే ఉంది. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్‌లో మొదటిసారి పరీక్షిస్తే ప్రెజర్ కొలిచే పరికరమే పగిలిపోయింది. 1894 ఫిబ్రవరిలో ఇంజిన్ తన కాళ్ల మీద తాను తిరిగింది, అదీ ఒక్క నిమిషమే. ఇంకో మూడేళ్లు విప్పడం, మార్చడం, మళ్లీ బిగించడం. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ కొలిచి చూస్తే 26.2 శాతం వేడి పనిగా మారుతోంది. స్టీమ్ ఇంజిన్‌కు రెండింతలకు పైమాటే! 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో కూడా నడిచింది. శనగకాయ పండించే మన సీమవాళ్లకు ఇది ఆసక్తికరమే.

డబ్బు బాగా వచ్చింది. కానీ లెక్కల్లో దిట్ట అయిన మనిషి ఆస్తి లెక్కల్లో తప్పాడు. భూముల్లో పెట్టుబడులు దెబ్బతిన్నాయి, అప్పులు పెరిగాయి, ఆరోగ్యం పాడైంది. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్లే డ్రెస్డెన్ అనే ఓడలో భోంచేసి గదికి వెళ్లాడు. తెల్లారేసరికి లేడు. కొన్ని రోజులకు సముద్రంలో శవం దొరికింది. ఆయన వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. ఏం జరిగిందన్నది ఇప్పటికీ తేలలేదు. పదేళ్ల తర్వాత 1923-24లో జర్మనీలో రోడ్డెక్కిన డీజిల్ లారీలను ఆయన చూడలేకపోయాడు.

ఇప్పుడు మన లారీ దగ్గరికొద్దాం. కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో గాలి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. పంపు మాత్రం ఎప్పటిలాగే డీజిల్ పోస్తుంది. గాలి చాలక మండని డీజిలే ఆ నల్లపొగ. పికప్ లేదని పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే పొగ, సైలెన్సర్ వేడి పెరుగుతాయి తప్ప బలం రాదు. టర్బో లేని పాత ఇంజిన్‌కు చేయాల్సింది దీనికి రివర్స్: డీజిల్ తగ్గించాలి, తక్కువ గేరులో లాగించాలి.

పోయిన గాలిని తిరిగి తెచ్చేది టర్బో. స్విస్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. బయటికి పోయే పొగతోనే ఫ్యాన్ తిప్పి, ఎక్కువ గాలిని సిలిండర్‌లోకి తోస్తుంది. అందుకే లోడు లాగే బండి కొండెక్కే ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో పైపుల లీకేజీ చూడాలి. రేడియేటర్ మూత కూడా చూడాలి, ఎందుకంటే లేహ్ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత ప్రెజర్ నిలపకపోతే ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది. కొత్త బండ్లలో గాలి ఒత్తిడిని సెన్సర్ చూసి, డీజిల్ ఎంతో కంప్యూటరే తేలుస్తుంది. స్క్రూడ్రైవర్ పని ఇప్పుడు స్కానర్ చేతికొచ్చింది.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాక ఈ రెండూ తెలిసిన వాళ్ల అవసరం పెరిగింది. పదో తరగతి పాసైతే ఐటీఐలో ఏడాది మెకానిక్ డీజిల్ ట్రేడు చదవొచ్చు. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరొచ్చు. ఏది చదివినా, రేపు మీ ముందుకు నల్లపొగ కక్కే లారీ వస్తే డీజిల్ పంపు మీద చెయ్యి వేయకండి. ముందు గాలి సంగతి చూడండి. రుడాల్ఫ్ డీజిల్ కూడా అక్కడే మొదలుపెట్టాడు.