వర్తకులకు గాంధీగారి వకీలు వృత్తి నేర్పు పాఠము

వ్యాపారమన్న తరువాత ఎప్పుడో ఒకనాడు వకీలుగారి గుమ్మము ఎక్కక తప్పదు. అప్పుడు ఎట్లు మెలగవలెనో గాంధీమహాత్ముని జీవితము మనకు నేర్పును. 1927లో ఖాదీ పర్యటనలో వారు మన రాజపాళయమునకు వచ్చిరి. పి.ఎస్. కుమారస్వామి రాజాగారు తమ స్వగృహమునే ఇచ్చి నెలకొల్పిన గాంధీ కలై మండ్రము వారి పేరనే యున్నది. అయితే వారు ఇరువది యేండ్లు వకీలుగా నుండిరనియు, వారి కక్షిదారులలో పెక్కుమంది వర్తకులేననియు మనము అంతగా తలచుకొనము.

గాంధీగారు 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిరి. 1891లో లండనులో బారిష్టరై స్వదేశము చేరిరి. ఆ యేటనే బొంబాయిలో వజ్రాల వర్తకులును జైన తత్త్వజ్ఞులును అగు రాయచందభాయిగారితో పరిచయము కలిగినది. పెద్ద బేరము ముగిసిన మరుక్షణమే ధర్మగ్రంథము తెరచు ఆ వర్తకుని నడవడి వారి మనస్సున నాటుకొన్నది.

మొదటి దావాకు 30 రూపాయలు ఫీజు పుచ్చుకొని, కోర్టులో నోట మాట రాక, ఆ కేసు విడిచిపెట్టిరి. దళారికి కమీషను ఇచ్చి కేసులు తెచ్చుకొనుటకు మాత్రము బొంబాయిలో ఒప్పుకొనలేదు.

1893లో డర్బను వర్తకుడు దాదా అబ్దుల్లా వ్యాజ్యమునకై, దారి ఖర్చులు గాక 105 పౌనుల ఫీజుపై దక్షిణాఫ్రికా వెళ్ళిరి. ప్రతివాది ప్రిటోరియాలోని బంధువు త్యాబ్ సేఠు. దావా 40,000 పౌనులు. వ్యవహారమంతయు జమాఖర్చులలో నున్నది. గాంధీగారికి లెక్కలు రావు. పుస్తకము కొని నేర్చుకొనిరి. దాదా అబ్దుల్లాగారు వారిని పూర్తిగా నమ్ముటచే పని సులువైనది. కాగితములు చదివిన కొలది తమ పక్షము బలమైనదని తేలినది. కాని ఫీజులు పెరుగుచుండెను. ఇరువురి వ్యాపారములును చెడుచుండెను. అందుచే గాంధీగారు ఇరువురిని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించిరి. 37,000 పౌనులును ఖర్చులును దాదా అబ్దుల్లాకు వచ్చినవి. ఒక్కమారే కట్టవలసినచో త్యాబ్ సేఠు దివాలా తీయును. గాంధీగారు ఎంతో శ్రమపడి దీర్ఘకాలపు వాయిదాలకు ఒప్పించిరి. గెలిచినవాడు సొమ్ము పొందెను, ఓడినవాడు పరువు దక్కించుకొనెను.

వారి ఆప్తులు పార్సీ రుస్తుంజీగారు తమ వ్యవహారములన్నియు చెప్పుచు, సుంకము ఎగవేయుట మాత్రము దాచిరి. పట్టుబడినపుడు కన్నీటితో వచ్చి చెప్పుకొనిరి. గాంధీగారు దానిని కప్పిపుచ్చక సుంకపు అధికారికిని, ప్రభుత్వపు ముఖ్య న్యాయవాదికిని ఉన్నది ఉన్నట్లు తెలిపిరి. ఒప్పుకొన్న మొత్తమునకు రెట్టింపు చెల్లించుటతో కేసు ముగిసినది. రుస్తుంజీగారు ఆ వృత్తాంతము వ్రాసి, అద్దము కట్టించి, వారసులును తోటి వర్తకులును చూచునట్లు తమ ఆఫీసులో తగిలించిరి.

ఈ వ్రాయువాడును ఒకమారు తనకు వ్యతిరేకమైన జాబును తన వకీలుగారికి చూపక దాచెను. ఎదుటివారు దానిని కోర్టులో తీసిననాడు మా వకీలుగారు నావంక చూచిన చూపు ఇప్పటికిని మరువలేదు. దావా పోయినది. తప్పు నాదే.

1922లో శిక్షపడిన కారణమున గాంధీగారి పేరు లండను బారిష్టరుల పట్టిక నుండి తీసివేయబడినది; 1988లో మరల చేర్చబడినది. 1948 జనవరి 30న వారు అస్తమించిరి.

కనుక సోదరులారా, దళారి మాటపై గాక తెలిసినవారిని విచారించి వకీలును ఎన్నుకొనుడు. ఫీజు ముందే మాటలాడుకొనుడు. ఖాతాలు, నోట్లు, జాబులు తేదీల వరుసన పెట్టి తీసుకొని పొండు. మనకు చెరుపు చేయు సంగతినే మొదట చెప్పుడు. రాజీకి దారి యున్నదేమో అడుగుడు. 1987 చట్టము ననుసరించి నడచు లోక్ అదాలతులో రాజీపడిన దావాకు కోర్టు ఫీజు వాపసు వచ్చును, దానిపై అప్పీలు లేదు. వకీలు మన మనస్సు చదువలేడు. మనము చూపిన కాగితమునే చదువగలడు.