గడప దాటిన చీరకట్టు: జ్ఞానదానందినీ దేవి

ముందు కుచ్చిళ్లు, లోపల లంగా, ఒంటికి రవికె, ఎడమ భుజముమీదుగా పైట. పాఠశాలలో ఉపాధ్యాయినియు, న్యాయస్థానమున న్యాయవాదినియు చీర కట్టునప్పుడు నేడు దేశమంతట సాధారణముగా కనిపించు తీరు ఇది. ఇది అనాదిసిద్ధమని పలువురు తలంతురు. కాని లంగా రవికెలతో కూడి, ఈ రూపమున చీర దేశమంతట వ్యాపింప మొదలిడి సుమారు 150 సంవత్సరములు మాత్రమే అయినది. ఆ వ్యాప్తికి తొలుత కారకులైనవారిలో ఒక వంగవనిత ముఖ్యురాలు. ఆమె అలంకారప్రీతిచే ఈ పనికి పూనుకొనలేదు. ఇల్లు వెడలి నలుగురిలోనికి వచ్చుటకు ఆమెకు తగిన వస్త్రము లేకపోయెను. ఆ లోటును తనకును, తనవంటి స్త్రీలకును తీర్చుటయే ఆమె చేసిన ఘనకార్యము.

జ్ఞానదానందిని 1850 జూలై 26వ తేదీన వంగదేశమున జెస్సూరు ప్రాంతమందలి నరేంద్రపురమున జన్మించెను. ఏడెనిమిదేండ్ల ప్రాయముననే కలకత్తాలోని జోడాసాంకో ఠాకూరుల ఇంటి కోడలయ్యెను. మామగారు బ్రహ్మసమాజ నాయకుడైన మహర్షి దేవేంద్రనాథుడు. భర్త ఆయన ద్వితీయపుత్రుడు సత్యేంద్రనాథుడు. రవీంద్రకవి ఆమెకు మఱది. ఆమె అత్తవారింట అడుగిడునాటికి ఆయన ఇంకను జన్మింపలేదు.

విద్యకును సంస్కరణకును పేరొందిన ఆ ఇంటనే స్త్రీలకు ఘోషా కఠినముగా ఉండెడిది. గంగాస్నానమునకు పోవలసివచ్చినచో మూసిన పల్లకిలో కూర్చుండబెట్టి, బోయీలు ఆ పల్లకినే నీట ముంచి తెచ్చెడివారు. సత్యేంద్రనాథునకు ఈ ఆచారము మింగుడుపడలేదు. తన ప్రాణమిత్రుడు మనోమోహన ఘోషునకు భార్యను చూపవలెనని ఒకనాటి రాత్రి అతనిని రహస్యముగా అంతఃపురమునకు తోడ్కొనివచ్చి, దోమతెరలోపల ఆమెకెదురుగా కూర్చుండబెట్టెను. ఇరువురును సిగ్గుచే నోరు మెదపలేదు. వచ్చినదారినే మిత్రుడు వెడలిపోయెను.

1862లో సత్యేంద్రనాథుడు సీమకు పోయి, మరుసటి సంవత్సరము ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షలో నెగ్గెను. ఆ కొలువున చేరిన తొలి భారతీయుడతడే. భార్యను తనకడకు పంపుమని తండ్రిని వేడుకొనెను గాని ఆయన సమ్మతింపలేదు. ఈ మధ్యకాలమున జ్ఞానదానందిని మఱది హేమేంద్రనాథునికడ చదువు సాగించెను.

1864లో భర్త తిరిగివచ్చెను. బొంబాయి రాజధానిలో ఉద్యోగము. భార్యను వెంట గొనిపోవుటకు ఈ మారు తండ్రి అనుమతి లభించెను. అంతట ఒక విచిత్రమైన చిక్కు ఎదురయ్యెను. ఆమె ఏమి కట్టుకొని పోవలెను? నాటి వంగస్త్రీలు ఇంటిలో ఒంటిచుట్టు చుట్టుకొనునది పలుచని చీర యొక్కటియే. రవికె లేదు, లంగా లేదు. నాలుగు గోడల నడుమ దానితో గడచినది గాని, ఓడలో పరుల నడుమ గడచునా? ఫ్రెంచి దుకాణమున ఒక దుస్తు కుట్టించిరి. అది ఎంత చిక్కుగా నుండెననగా, తనంతట తాను దానిని తొడుగుకొనుటకు ఆమెకు శక్యము కాలేదు. ఇంటినుండి బండివరకు ఆమె నడచి రావలెనని భర్త కోరిక. తండ్రి ఒప్పుకొనలేదు. చివరకు ఓడరేవువరకును పల్లకిలోనే పోవలసివచ్చెను.

బొంబాయిలో దంపతులు మాణిక్‌జీ కర్సెట్‌జీ అను పార్సీ ప్రముఖుని ఇంట కొన్ని నెలలు విడిసిరి. ఆ ఇంటి ఆడుపిల్లలు చదువుకొన్నవారు. అతిథులతో నిస్సంకోచముగా మాటలాడెడివారు. వారి చీరకట్టు ఆమె మనస్సును ఆకర్షించెను. అట్లని దానిని ఉన్నదున్నట్లు గ్రహింపలేదు. పార్సీ స్త్రీలు కుడి భుజముమీదుగా ముందుకు వేసుకొను చెరగును ఆమె ఎడమ భుజమునకు మార్చెను. ఇందువలన కుడిచేతికి పనిచేసికొనుటకు వెసులుబాటు కలిగినది. చీరలోపల లంగాయు, పైన రవికెయు, కాళ్లకు మేజోళ్లు, పాదరక్షలు చేర్చెను. దొరసానుల గౌను ధరించుట ఆమెకు సులభమైన మార్గమే. దానిని కాదని చీరనే నిలుపుకొని, దాని కొరతను తీర్చుటలోనే ఆమె వివేకము తెలియుచున్నది.

1866లో ఆమె కలకత్తాకు తిరిగివచ్చి, ఇంటి ముంగిట బండి దిగి, అందరు చూచుచుండగా నడచి లోనికి పోయెను. ఇంటిలో ఏడ్పులు పుట్టినవి. కొందరు ఆమెతో కలిసి భుజించుటకైనను వెనుదీసిరి. ఆ సంవత్సరమే రాజప్రతినిధి లారెన్సు ప్రభువు ఇచ్చిన విందునకు ఆమె హాజరయ్యెను. ఆమెను భోపాలు బేగమని కొందరు భ్రమపడిరని చెప్పుదురు. పాథురియాఘాట ఠాకూరుల పెద్ద ప్రసన్నకుమారుడు మాత్రము తమ ఇంటి కోడలిని అచట చూచి, అవమానభారముతో విందు విడిచి వెడలిపోయెను.

ఇంతటితో ఆమె వెనుకకు తగ్గియుండినచో, ఆ వేషము ఒక ధనికగృహిణి వింతగా ముగిసెడిది. అట్లు కాలేదు. కోరినవారికి ఈ కట్టు నేర్పెదనని ఆమె వామాబోధినీ పత్రికలో ప్రకటించెను. బ్రహ్మసమాజ స్త్రీలు మొదట దీనిని అవలంబించుటచే దీనికి బ్రాహ్మిక చీర యను పేరు వచ్చెను. కాలక్రమమున ముందు కుచ్చిళ్లు పోసి దోపుకొను దాక్షిణాత్యుల తీరు దీనితో కలిసినది. నేడు దేశమంతట చెల్లు కట్టును వస్త్రచరిత్రకారులు నివి యని పిలిచి, దానిని ఆంధ్రదేశముతో ముడివెట్టుదురు. పోకముడికి నీవి యను పేరు మన కావ్యపాఠకులకు క్రొత్తది కాదు.

1877లో ఆమె భర్త తోడు లేకయే, గర్భవతియై, ముగ్గురు బిడ్డలతో సీమకు ఓడ యెక్కెను. లండనులో ఆమెకు స్వాగతమిచ్చినది జ్ఞానేంద్రమోహన ఠాకూరు. నాడు విందు విడిచిపోయిన ప్రసన్నకుమారుని పుత్రుడు, క్రైస్తవుడైనందున తండ్రి ఆస్తికి దూరమైనవాడు. ఆ పరదేశమున ఆమె అప్పుడే పుట్టిన శిశువును, చిన్నకుమారుడు కవీంద్రనాథుని పోగొట్టుకొనెను. మరుసటి సంవత్సరము భర్తయు, రవీంద్రుడును వచ్చి ఆమెను కలిసికొనిరి. 1880లో అందరు స్వదేశము చేరిరి.

తరువాతి జీవితమున ఆమె దృష్టి పిల్లలవైపు మరలెను. 1885లో బాలక్ అను పత్రికను వెలయించెను. రవీంద్రుని రాజర్షి నవల తొలుత వెలువడినది ఇందులోనే. బాలలకు నాటకములు రచించెను. ఆమె కుమార్తె ఇందిరాదేవి పట్టభద్రురాలై, 1956లో విశ్వభారతికి ఉపాచార్య పదవి నలంకరించెను. దోమతెరలోపల తలవంచి కూర్చుండిన బాలిక కన్నబిడ్డ ఒక విశ్వవిద్యాలయమును నడపినది.

రవీంద్రుడు కన్నుమూసిన 1941లోనే, అక్టోబరు 1వ తేదీన, 91 ఏండ్ల ప్రాయమున జ్ఞానదానందిని పరమపదించెను.

కలకత్తాలో బెత్యూన్ బాలికాపాఠశాల 1849లోనే వెలసినది. స్త్రీవిద్యను గూర్చి సభలలో ఉపన్యాసములకు కొదువ లేదు. అయినను ఎదిగిన స్త్రీ ఆ పాఠశాలకు గాని, ఆ సభకు గాని ఏ వస్త్రముతో నడచి పోవలెనో ఆలోచించినవారు అరుదు. బంధువుల నింద తాను భరించి, ఆ ప్రశ్నకు సమాధానమును తన దేహముపై ధరించి చూపినది జ్ఞానదానందిని. నేడు చీర కట్టి బడికి పోవు ఉపాధ్యాయినులలో ఆమె పేరెరిగినవారు కొందరే కావచ్చును. ఆమె తెరచిన దారిన మాత్రము అందరును నడచుచున్నారు.